డెస్క్‌టాప్ స్థానంలోకి ల్యాప్‌టాప్: తక్కువ డబ్బుతో హైదరాబాద్‌లో ఎలా కొనాలి

మా మామయ్య మల్కాజ్‌గిరిలో ఉంటారు. రిటైరయ్యాక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లెక్కలు, తెలిసిన ఇద్దరు ముగ్గురు దుకాణదారుల జీఎస్టీ రిటర్నులు ఇంట్లోనే కూర్చుని చేస్తుంటారు. ఆయన డెస్క్‌టాప్‌కి పన్నెండేళ్లు. పొద్దున స్విచ్ వేసి, కాఫీ తాగి, పేపర్ చదివి వచ్చేసరికి అది తెరుచుకునేది. జీఎస్టీఆర్-3బీ వేయాల్సిన 20వ తేదీ రాత్రి ఒకసారి పూర్తిగా మొండికేసింది. మర్నాడు ఫోన్ చేసి, "ఒరేయ్, 35 వేలు పెడతాను, మంచి ల్యాప్‌టాప్ ఒకటి చూసి ఇప్పించు" అన్నారు.

ఆ డబ్బును ఎక్కడ పెట్టాం, ఎక్కడ పెట్టలేదు, షాపులో ఏమేం చూశాం అన్నది వరసగా చెబుతాను. అంతకుముందు ఒక మాట. బ్యాగులో వేసుకుని తిరగడానికి కొనే ల్యాప్‌టాప్ వేరు, డెస్క్‌టాప్‌ని తీసేసి ఆ టేబుల్ మీదే పెట్టుకోవడానికి కొనే ల్యాప్‌టాప్ వేరు. రెండోదానికి సన్నగా, తేలిగ్గా ఉండడం ముఖ్యం కాదు. లోపల సరుకు బాగుండాలి, రేపు అవసరమైతే స్క్రూలు విప్పి ఒక ముక్క మార్చుకునేలా ఉండాలి. ఈ మాట నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం 4 జీబీ ర్యామ్ (తెరిచిన పనులను పట్టి ఉంచే మెమరీ) ఉన్న సన్నటి ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. "తర్వాత పెంచుకోవచ్చు సార్" అని షాపతను చెప్పాడు. ఏడాది తిరిగాక పెంచుదామని విప్పిస్తే ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంది. ఖాళీ స్లాట్ లేదు. 28 వేలు పెట్టి కొన్నదాన్ని 6 వేలకు అమ్ముకోవాల్సి వచ్చింది.

1. ముందు పాత డెస్క్‌టాప్‌నే అడగండి

మీకు ఏం కావాలో మీ డెస్క్‌టాప్‌కి తెలిసినంతగా ఏ సేల్స్‌మన్‌కీ తెలియదు. అది ఇంకా పనిచేస్తుంటే ఒకరోజు మామూలుగా మీ పని చేసుకుంటూ, అన్నీ తెరిచి ఉన్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోట ప్రాసెసర్, మెమరీ, డిస్క్ ఎంతెంత వాడుతున్నాయో గ్రాఫులతో సహా కనిపిస్తుంది.

మామయ్య దగ్గర చూస్తే 4 జీబీ మెమరీలో 3.7 నిండిపోయింది. డిస్క్ 100 శాతం దగ్గర నిలబడిపోయింది. ప్రాసెసర్ మాత్రం 25 శాతం కూడా దాటలేదు. అంటే ఆయన కష్టమంతా ర్యామ్ చాలక, పాత హార్డ్ డిస్క్ నత్తనడక వల్లే. ఖరీదైన ప్రాసెసర్ కొంటే ఆ డబ్బు ఆయనకు అక్కరకు రాదు. మీ దగ్గర వీడియో ఎడిటింగ్ జరుగుతూ ప్రాసెసరే 100 కొడుతుంటే మీ లెక్క వేరు. అప్పుడు ప్రాసెసర్ మీదే ఎక్కువ పెట్టాలి.

ఇక్కడే ఇంకో విషయం కూడా తేల్చుకోండి. మీ డెస్క్‌టాప్‌లో ఇంటెల్ ఎనిమిదో తరం గానీ, ఆ తర్వాతి ప్రాసెసర్ గానీ ఉంటే (తరం ఎలా తెలుసుకోవాలో మూడో భాగంలో ఉంది) అసలు ల్యాప్‌టాప్ కొనకండి. ఒక ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్), కాస్త ర్యామ్ వేయించుకుంటే కొత్తదానిలా పరుగెడుతుంది, విండోస్ 11 కూడా పడుతుంది. అంతకంటే పాతదైతేనే మార్చే మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. బ్యాంకు పనులు, పన్నుల పనులు చేసే కంప్యూటర్‌ని సెక్యూరిటీ అప్‌డేట్లు లేకుండా ఏళ్ల తరబడి నడపడం మంచిది కాదు.

తర్వాత ఒక కాగితం తీసుకుని డెస్క్‌టాప్ వెనక ఏమేం గుచ్చి ఉన్నాయో రాయండి. ప్రింటర్ మోడల్ ఏది, దానికి విండోస్ 11 డ్రైవర్ కంపెనీ సైట్లో ఉందా? డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడుతున్నారా? ఏదైనా పాత సాఫ్ట్‌వేర్‌కి డాంగిల్ (గుచ్చితేనే ఆ సాఫ్ట్‌వేర్ నడిచే చిన్న తాళం) ఉందా? విండోస్ 11లో 32 బిట్ రకం అనేదే లేదు, అందువల్ల మరీ పాతకాలపు 16 బిట్ ప్రోగ్రాములు అందులో నడవవు. ఇరవై ఏళ్ల నాటి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద వ్యాపారం నడిపేవాళ్లు, పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌తో తెలుగు కంపోజింగ్ చేసేవాళ్లు ఈ సంగతి కొనకముందే తేల్చుకోవాలి. కొన్నాక తెలిస్తే టెన్షన్ తప్ప ఇంకేం ఉండదు.

2. ఇంట్లో ఉన్నవాటిని లెక్కలోకి తీసుకోండి

మానిటర్, కీబోర్డ్, మౌస్ బాగానే ఉన్నాయా? అయితే మీ బడ్జెట్ మీరు అనుకున్నదానికంటే పెద్దదే. ల్యాప్‌టాప్‌ని టేబుల్ మీద పెట్టి పాత మానిటర్‌కి తగిలిస్తే ఒక స్క్రీన్ బదులు రెండు వస్తాయి. ఒకదాని మీద ఎక్సెల్, ఇంకోదాని మీద జీఎస్టీ పోర్టల్ పెట్టుకోవచ్చు. అప్పుడు 15.6 అంగుళాల స్క్రీన్ కోసం పట్టుబట్టక్కర్లేదు, 14 అంగుళాలది చాలు. లెక్కలు రాసేవాళ్లకు పక్కన నంబర్ కీలు ఉండాలి. 14 అంగుళాల వాటిలో అవి దాదాపుగా ఉండవు. అయితే పాత కీబోర్డ్ ఉండనే ఉంది కదా.

మానిటర్ వెనక నీలం రంగు, మూడు వరసల పిన్నులున్న సాకెట్ ఒక్కటే ఉంటే అది వీజీఏ. ఇప్పటి కొత్త ల్యాప్‌టాప్‌లకు ఆ సాకెట్ రావడం లేదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ కొనాలి. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. అడిగేటప్పుడు "ల్యాప్‌టాప్ వైపు హెచ్‌డీఎంఐ, మానిటర్ వైపు వీజీఏ" అని విడమరిచి చెప్పండి. దానికి తిరగేసి పనిచేసే వస్తువు వేరే ఉంది, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

ఇన్వర్టర్ లేని ఇళ్లలో ల్యాప్‌టాప్ వల్ల ఇంకో లాభం ఉంది. గాలివానకు కరెంటు పోతే బ్యాటరీ ఆదుకుంటుంది. పాత యూపీఎస్‌కి ఇక బ్యాటరీ మార్పించే ఖర్చు ఉండదు.

3. అంకెలు చదవడం నేర్చుకోండి

షాపులో గానీ, ఆన్‌లైన్‌లో గానీ చూడాల్సినవి నాలుగే.

మొదటిది ర్యామ్. 4 జీబీ అంటే తల తిప్పేసుకోండి, ఎంత చవగ్గా ఇచ్చినా సరే. 8 జీబీతో ఈ రోజుకి గడుస్తుంది. 16 ఉంటే నాలుగైదేళ్లు నిశ్చింత. అంకె కంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది: "ఎన్ని స్లాట్లు, ఎన్ని ఖాళీ?" టాస్క్ మేనేజర్‌లోని మెమరీ పేజీలో స్లాట్స్ యూజ్డ్ అని ఒక వరస ఉంటుంది. 2లో 1 వాడుతున్నట్టు ఉంటే సాధారణంగా ఇంకొకటి ఖాళీగా ఉన్నట్టే. అయితే బోర్డుకే అతికించిన ర్యామ్‌ని కూడా కొన్ని ల్యాప్‌టాప్‌లు అందులో స్లాటుగానే చూపిస్తాయి. కాబట్టి మోడల్ పేరుతో కంపెనీ సైట్లో స్పెసిఫికేషన్ తెరిచి, ర్యామ్ అతికించి ఉందా, స్లాట్‌లో ఉందా అని ఒకసారి సరిచూసుకోండి. నేను మోసపోయింది అక్కడే. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. "తర్వాత చవగ్గా వేయించుకుందాం" అన్న పాత ధీమా ఇప్పుడు లేదు. రెండు మూడు వేల తేడాలో 16 జీబీది దొరికితే అదే తీసుకోండి.

రెండోది స్టోరేజ్. ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి. అందులోనూ ఎన్‌వీఎంఈ అనే ఇంకా వేగమైన రకం అయితే మేలు. చవక ల్యాప్‌టాప్‌లలో 64 జీబీ, 128 జీబీ ఈఎంఎంసీ అని ఉంటుంది. అది బోర్డుకే అతికించిన ఫోన్ తరహా స్టోరేజ్. మార్చడం కుదరదు, వేగమూ ఉండదు. విండోస్ అప్‌డేట్లకే 64 జీబీ నిండిపోతుంది. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ సరిపోకపోతే ఫొటోలు బయటి డిస్క్‌లో పెట్టుకోవచ్చు. ఈఎంఎంసీకి మాత్రం మందు లేదు.

మూడోది ప్రాసెసర్. ఇక్కడే జనం ఎక్కువగా పొరపాటు పడతారు. "ఐ5 ఉందా?" అని అడిగి, ఉందంటే సంతృప్తి పడతారు. ఐ3, ఐ5 తర్వాత వచ్చే అంకె చూడాలి. ఐ5-7200యూ అంటే ఏడో తరం, అందులో కోర్లు (లోపల పనిచేసే చేతుల్లాంటివి) 2. ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం, అందులో 4. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ గీసిన గీత కూడా ఈ రెండింటి మధ్యే ఉంది: ఏడో తరం ప్రాసెసర్లలో ఏవో కొన్ని తప్ప మిగతావి ఆ జాబితాలో లేవు, ఎనిమిదో తరం ఉంది. అంటే ఒక్క అంకె తేడాలో కోర్లు రెట్టింపయ్యాయి, వాడుకునే కాలమూ పెరిగింది. కొత్తవాటిలో ఐ3-1215యూకి 6 కోర్లున్నాయి. ఇంట్లో ఆఫీసు పనికి అది చక్కగా చాలు, ఆ పాత ఏడో తరం ఐ5 దాని దరిదాపుల్లోకి కూడా రాదు.

ఏఎండీ రైజెన్ 7000 వరసలో చిన్న కిటుకు ఉంది. నాలుగంకెల్లో మూడోది చూడండి. 7520యూలో అది 2, అంటే లోపల ఉన్నది పాత జెన్ 2 డిజైన్. 7530యూలో 3, అంటే జెన్ 3. పేర్లు అన్నదమ్ముల్లా ఉన్నా 7520యూకి 4 కోర్లు, 7530యూకి 6. పైగా 7520యూతో వచ్చే ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. 8 జీబీది కొంటే చివరిదాకా 8 జీబీయే. నా మాట వింటే డెస్క్‌టాప్ బదులు కొనేవాళ్లు దాని జోలికి వెళ్లొద్దు. సెలెరాన్ ఎన్4020, ఎన్4500 లాంటి 2 కోర్ల వాటి సంగతీ అంతే. ఎన్100 పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు నడుస్తుంది గానీ ఇంటి మొత్తానికి ఒకటే కంప్యూటర్ అయితే త్వరలోనే ఇరుకవుతుంది.

నాలుగోది స్క్రీన్. 1366 ఇంటూ 768 కాకుండా 1920 ఇంటూ 1080 ఉండాలి, ఐపీఎస్ అయితే ఇంకా మంచిది. టీఎన్ రకం స్క్రీన్‌ని కాస్త పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. మానిటర్ ఎటూ ఉంది కాబట్టి డబ్బు బిగిసినప్పుడు నేను సర్దుకునేది దీని దగ్గరే.

4. కొత్తదా, వాడినదా?

దీనికి నా దగ్గర సూటి జవాబుంది. ఇంజనీరింగ్ చేరబోతున్న పిల్లాడు నాలుగేళ్లు కాలేజీకి మోసుకెళ్లాలంటే కొత్తది, కంపెనీ వారంటీతో కొనండి. మా మామయ్యలాగా ఒకే టేబుల్ మీద పెట్టి పనిచేసుకునేవాళ్లు రీఫర్బిష్డ్ (అంటే వాడినదాన్ని బాగుచేసి అమ్మే) బిజినెస్ ల్యాప్‌టాప్ వైపు చూడండి.

హైదరాబాద్ వాళ్లకు ఇందులో ఒక అనుకూలం ఉంది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి కంపెనీలు ఉద్యోగులకు ఇచ్చే ల్యాప్‌టాప్‌లను మూడు నాలుగేళ్లకోసారి మార్చేస్తుంటాయి. అలా వెనక్కి వచ్చినవి గుట్టలుగా ఊళ్లోని షాపులకు చేరతాయి. లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 5490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 అన్నవి ఆ రకం. మూడూ ఎనిమిదో తరం ఇంటెల్‌తో దొరుకుతాయి. మూడింటిలోనూ ర్యామ్‌కి రెండేసి స్లాట్లు, మార్చుకునే ఎస్‌ఎస్‌డీ, ల్యాన్ సాకెట్ ఉన్నాయి. ఇంట్లో వాడే చవక ల్యాప్‌టాప్‌ల కంటే వీటి కీబోర్డులు, మడతబందులు గట్టివి. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో 15 నుంచి 20 వేల మధ్యలో అడుగుతారు. టీ480 పక్కనే టీ480ఎస్ అని సన్నటిది కనిపిస్తుంది. దాంట్లో కొంత ర్యామ్ అతికించే వస్తుంది, స్లాట్ ఒక్కటే. పేరు చివరి ఒక్క అక్షరం కూడా చదవాలని చెప్పడానికే ఈ ఉదాహరణ.

ఎనిమిదో తరం విండోస్ 11కి అట్టడుగు మెట్టు. మూడు నాలుగు వేలు ఎక్కువైనా పదో తరం, పదకొండో తరం దొరికితే అవి తీసుకోవడం మేలు. మామయ్య మాత్రం లాటిట్యూడ్ 5490నే ఎంచుకున్నారు. దాని పక్కన వీజీఏ సాకెట్ ఉంది. ఇంటి నుంచి సంచిలో తెచ్చుకున్న నీలం కేబుల్ తీసి షాపులోనే గుచ్చి చూశారు. సరిగ్గా కూర్చుంది. "ఇంకేం చూపించొద్దు" అన్నారు.

5. ఎక్కడికి వెళ్లాలి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరూ సీటీసీ అంటారు. మెట్రోలో వచ్చేవాళ్లు నాగోల్–రాయదుర్గం లైన్‌లో ప్యారడైజ్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. కొత్తవి, వాడినవి, విడిభాగాలు, రిపేర్లు అన్నీ అక్కడే ఉన్నాయి. వాడిన ల్యాప్‌టాప్‌లకు అమీర్‌పేట కూడా మంచి చోటే. కోచింగ్ సెంటర్ల పిల్లల కోసం మైత్రీవనం చుట్టుపక్కల అలాంటి షాపులు చాలా పుట్టుకొచ్చాయి. కేబుళ్లు, కన్వర్టర్ల లాంటి చిల్లర సామాన్లకు కోఠిలోని గుజరాతీ గల్లీ ఉంది.

మొదటిరోజు డబ్బు తీసుకెళ్లకండి. నాలుగు షాపులు తిరిగి, ప్రతిచోటా పూర్తి మోడల్ నంబర్, ప్రాసెసర్ నంబర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ధర ఫోన్లో ఎక్కించుకుని ఇంటికి రండి. రాత్రి తీరిగ్గా కూర్చుని అవే నంబర్లు ఆన్‌లైన్‌లో వెతకండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఒకే పేరు మీద పది రకాలుంటాయి. సిరీస్ పేరు కాదు, పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉండే నంబరే అసలు పేరు. ఆన్‌లైన్‌లో పండగ సేల్స్‌లో, ఆగస్టు 15, జనవరి 26 సేల్స్‌లో కొత్తవి నిజంగానే తగ్గుతాయి. ఆగగలిగితే ఆగండి. వాడినదాన్ని మాత్రం కళ్లతో చూడకుండా, చేత్తో పట్టుకోకుండా కొనొద్దని నా గట్టి సలహా.

కొత్తదాని మీద "16 జీబీ చేసి ఇస్తాం" అంటే ఆ రెండో ర్యామ్ కంపెనీది కాదని అర్థం. తప్పేం లేదు, దానికి వారంటీ ఎవరిస్తారో, ఎన్నేళ్లో బిల్లు మీద రాయించుకోండి.

6. కౌంటర్ దగ్గర గంటసేపు

ఇది తొందరపడే చోటు కాదు. పొద్దున షాపులు తెరిచే వేళకు వెళ్లండి. రద్దీ ఉండదు, వాళ్లకూ విసుగు రాదు. ఒక పెన్‌డ్రైవ్, ఇయర్‌ఫోన్, ఫోన్లో హాట్‌స్పాట్‌కి సరిపడా డేటా, మీ మానిటర్ కేబుల్ వెంట ఉండాలి.

వాడిన ల్యాప్‌టాప్ అయితే మొదట చేయించాల్సింది రీసెట్. సెట్టింగ్స్‌లో రీసెట్ దిస్ పీసీ అని ఉంటుంది, అన్నీ చెరిపేయమని ఎంచుకోవాలి. అరగంట, ముప్పావుగంట పడుతుంది. ఈలోగా పక్కన ఇరానీ చాయ్ తాగి రండి. రీసెట్ అయ్యాక దేశం, భాష అడిగే తెరలు వస్తాయి. ఆ దశలోనే మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి.

ఎందుకింత పట్టుదలగా చెబుతున్నానంటే, మేం ముందు చూసిన ఒక షాపులో ఇదే జరిగింది. నేను హాట్‌స్పాట్ ఆన్ చేస్తుంటే కుర్రాడు "నెట్ తర్వాత పెట్టుకోండి సార్, ముందు సెటప్ అయిపోనివ్వండి" అన్నాడు. కలిపేశాను. రెండు నిమిషాలకు స్క్రీన్ మీద ఒక కంపెనీ లోగో, దాని కింద ఆఫీసు ఈమెయిల్, పాస్‌వర్డ్ అడుగుతూ గడులు వచ్చాయి. మామయ్య నా మొహం చూశారు. పెద్ద కంపెనీలు తమ ల్యాప్‌టాప్‌లను మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్ జాబితాలో నమోదు చేసుకుంటాయి. అమ్మేటప్పుడు ఆ జాబితాలోంచి తీయించకపోతే ఎన్నిసార్లు విండోస్ వేసినా, నెట్ తగిలించి సెటప్ చేయగానే ఆ కంపెనీ తలుపే తెరుచుకుంటుంది. నెట్ లేకుండా దాటించి అమ్మేస్తే ఇవాళ బాగానే నడుస్తుంది. రేపు ఫార్మాట్ చేసిన రోజున మీరు బయట నిలబడతారు. అలాంటిది వస్తే బేరం అక్కడితో ఆపేయండి, ఎంత తగ్గించినా వద్దు.

తర్వాత బయాస్ (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) లోకి వెళ్లి చూడండి. ఆన్ చేస్తూ డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, థింక్‌ప్యాడ్‌కి ఎఫ్1 నొక్కాలి. పాస్‌వర్డ్ అడిగితే అది కూడా పాత యజమాని తాళమే. షాపువాళ్లు మీ ముందే తీస్తే సరి, లేదంటే ఇంకోటి చూపించమనండి.

బ్యాటరీ విషయం మాటల్లో నమ్మకండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్, సీ, ఎఫ్, జీ అక్షరాలు కలిపి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లిష్‌లో (powercfg /batteryreport) కొడితే ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే పుట్టినప్పటి బలం, ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పటి బలం. రెండోది మొదటిదానిలో 70 శాతానికి తగ్గితే బ్యాటరీ మార్చి ఇమ్మనండి, లేదా ఆ మేరకు ధర తగ్గించమనండి. ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యానికి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. అది శాతంలో చెబుతుంది.

ఇక మిగిలినవి చేత్తో, కంటితో. నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి కీ ఒక్కసారైనా కొట్టండి, స్పేస్‌బార్ రెండు చివర్లూ కొట్టండి. తెల్ల బొమ్మ ఒకటి స్క్రీన్ నిండా పెడితే మచ్చలు, నొక్కుడు గుర్తులు బయటపడతాయి. మూత మెల్లగా నాలుగైదుసార్లు వేసి తీయండి. కిర్రుమన్నా, స్క్రీన్ మినుకుమన్నా మడతబంద్ దగ్గర కేబుల్ నలుగుతోందని అనుమానించాలి. ప్రతి యూఎస్‌బీ సాకెట్‌లోనూ పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. ల్యాప్‌టాప్‌ని చదునైన టేబుల్ మీద పెట్టినప్పుడు ఒక మూల లేచి ఊగినా, టచ్‌ప్యాడ్ ఉబ్బెత్తుగా ఉన్నా లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అది ప్రమాదం కూడా.

7. బిల్లు, వాయిదాలు

ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అంటారు. ఒప్పుకోకండి. సీరియల్ నంబర్ రాసిన బిల్లు లేకపోతే వారంటీ లేదు, రేపు తేడా వస్తే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినా చూపించడానికి చేతిలో కాగితం ఉండదు. కొత్తదైతే ఆ సీరియల్ నంబర్‌ని కంపెనీ సైట్లో కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో షాపులోనే చూడండి. వాడినదానికి షాపు ఇచ్చే మూడు నెలల, ఆరు నెలల వారంటీలో బ్యాటరీ, స్క్రీన్ ఉన్నాయా లేవా అని రాయించుకోండి.

నో కాస్ట్ ఈఎంఐ అన్నా పూర్తిగా ఉచితం కాదు. వడ్డీని డిస్కౌంట్ రూపంలో తీసేస్తారు గానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు మీ కార్డు మీదే పడతాయి. ఒక్కోసారి ఒకేసారి కట్టేవాళ్లకు దొరికే తగ్గింపు ఈఎంఐకి దొరకదు. రెండు మొత్తాలూ పక్కపక్కన రాసి చూసుకోండి.

విండోస్ ఉందా, డాస్ (అంటే విండోస్ లేకుండా) అని రాసి ఉందా అన్నది కూడా ధరలో భాగమే. ఎంఎస్ ఆఫీస్ ఇవ్వకపోయినా కంగారు పడక్కర్లేదు. ఉచితంగా వచ్చే లిబ్రే ఆఫీస్‌తో ఇంటి లెక్కలు, ఉత్తరాలు హాయిగా నడుస్తాయి.

మామయ్య లెక్క ఇలా తేలింది: ల్యాప్‌టాప్ 19 వేలు, ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించడం, 1 టీబీ బయటి హార్డ్ డిస్క్. అన్నీ కలిపి 28 వేలు దాటలేదు.

8. ఇంటికి తెచ్చాక

పాత సీపీయూ ఉన్నచోట ల్యాప్‌టాప్ పెట్టి, మానిటర్, కీబోర్డ్, మౌస్ తగిలించండి. మూత మూసి మానిటర్ మీదే పనిచేయాలనుకుంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, మూత వేసినప్పుడు ఏమీ చేయొద్దు అన్నది ఎంచుకోవాలి. ఎండాకాలంలో మాత్రం మూత తెరిచే ఉంచండి. కింద గాలి ఆడేలా చిన్న స్టాండ్ ఉండాలి, బట్ట పరిచిన టేబుల్ మీద పెట్టొద్దు.

రోజంతా ప్లగ్‌లోనే ఉండే ల్యాప్‌టాప్‌కి ముఖ్యమైన సెట్టింగ్ ఇంకోటుంది. ఎప్పుడూ 100 శాతం చార్జ్‌తో, వేడిలో ఉంటే బ్యాటరీ త్వరగా దెబ్బతింటుంది, ఉబ్బుతుంది. లెనోవో వాంటేజ్‌లో కన్జర్వేషన్ మోడ్, ఆసుస్‌లో బ్యాటరీ కేర్, డెల్‌లో బయాస్‌లోనే చార్జ్ పరిమితి ఉంటాయి. 80 శాతం దగ్గర ఆగేలా పెట్టేయండి.

తెలుగులో టైప్ చేసేవాళ్లు సెట్టింగ్స్‌లో తెలుగు భాష కలిపి, ఫొనెటిక్ కీబోర్డ్ ఎంచుకుంటే చాలు. విడిగా ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

పాత డెస్క్‌టాప్‌ని వెంటనే తూకానికి వేయకండి. ఒక నెల పక్కన ఉంచండి. ఆ నెలలో ఏదో ఒకటి గుర్తొస్తూనే ఉంటుంది: ట్యాలీ డేటా ఫోల్డర్, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, డిజిటల్ సిగ్నేచర్ డ్రైవర్. మీ కొత్త ల్యాప్‌టాప్‌కి డీవీడీ డ్రైవ్ ఉండదు. పెళ్లి డీవీడీలు, పిల్లల పుట్టినరోజు డీవీడీలు ఇంట్లో ఉంటే పాతది బతికుండగానే వాటిని బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. మా అత్తయ్య అడిగేదాకా మాకెవరికీ ఆ సంగతి తట్టలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం అంతా కూర్చుని 11 డీవీడీలు ఎక్కించాం. రెండు గీతలు పడి సగంలో ఆగిపోయాయి, మిగిలినవన్నీ వచ్చాయి.

అది అయ్యాక లోపలి హార్డ్ డిస్క్ విప్పి తీసి దాచుకోండి. డెస్క్‌టాప్‌లో ఉండే 3.5 అంగుళాల డిస్క్ ఉత్త యూఎస్‌బీ కరెంటుతో తిరగదు, దానికి 12 వోల్టుల అడాప్టర్‌తో వచ్చే కేస్ కావాలి. ల్యాప్‌టాప్ డిస్కులకు అమ్మే సన్నటి కేబుల్ దీనికి పనికిరాదు. డిస్క్ తీసేసిన ఖాళీ డబ్బాని అప్పుడు ఈ-వేస్ట్ వాళ్లకు ఇచ్చేయొచ్చు.